సగం గొరిగిన బొంత

గురువారం సాయంత్రం నాలుగు గంటలకు ఒక కుక్క సగం గొరిగిన ఒంటితో దుకాణం మెట్లు దిగి ఇంటికి నడిచింది. కుడి పక్క జుట్టు లేదు. ఎడమ పక్క జుట్టు అట్టలు కట్టి మోకాళ్ల దాకా వేలాడుతోంది. కుక్క పేరు బొంత. దానికి చేతి వల్ల గాని, కత్తెర వల్ల గాని గాయం కాలేదు. అది ఎవరినీ కరవలేదు.

ఇంతవరకు దుకాణంలో ఉన్న నలుగురూ ఒప్పుకున్నారు. దాన్ని అలా పంపడం సబబా కాదా అన్న దగ్గర మాటకు మాట పెరిగింది.

ఆ దుకాణంలో కుక్కలకు స్నానం చేయిస్తారు, జుట్టు దువ్వుతారు, గొరుగుతారు, గోళ్లు తీస్తారు. కింద దుకాణం, పైన ఇల్లు. వీధివైపు అద్దాల తలుపు. లోపల ఒక తొట్టి, గోడకు వేలాడే డ్రైయర్, రెండు బల్లలు. ఒక్కో బల్ల మూలన బోల్టుతో బిగించిన ఇనుప కడ్డీ. కడ్డీ పైకొస నుంచి తాడు ఉచ్చు వేలాడుతుంది. ఉచ్చు కుక్క మెడకు వేస్తారు. అప్పుడది దూకలేదు, వెనక్కి తిరిగి కరవలేదు.

దుకాణం వదినది. ఆమే పెట్టింది, ఆమే నడుపుతోంది. ఆమె ముంజేతి మీద మోచేయి నుంచి మణికట్టు దాకా ఒక మచ్చ ఉంది. కొత్తవాళ్లు అడిగితే, "కడ్డీ లేని రోజుల్లో సంపాదించింది" అంటుంది.

రెండో బల్ల ఆమె ఆడపడుచుది. పని నేర్పింది వదినే. పేరు పెట్టిందీ వదినే. వదిన మూడు కుక్కలను ముగించి పంపేలోగా ఆడపడుచు ఒక్కదాన్ని పంపుతుంది. అందుకని "నిదానం" అని పిలిచింది. ఎగతాళికి పెట్టిన పేరు. కొన్నాళ్లకు కుక్కల వాళ్లు తలుపు తీసుకుని వచ్చి, "నిదానం గారున్నారా?" అని అడగడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఆ పేరు పలికినప్పుడు వదిన గొంతులో ఎగతాళి తగ్గింది.

నిదానానికి ఒక పద్ధతి ఉంది. తువ్వాలు మడిచి కుక్క ముందు పెడుతుంది. దాని మీద గడ్డం ఆనించడం ముందు నేర్పుతుంది. గడ్డం తువ్వాలు మీద ఉన్నంతసేపే ట్రిమ్మర్ నడుస్తుంది. గడ్డం ఎత్తితే ఆగుతుంది. ఇంకొక్క గీత గీసి ఆపడం కాదు, అప్పుడే ఆపడం.

"కుక్క సంతకం పెడితే గానీ ఈవిడ మిషన్ ముట్టుకోదు" అంటుంది వదిన.

ఇంట్లో మూడో మనిషి వదిన భర్త, నిదానానికి అన్నయ్య. బ్లేడ్లు సానబెడతాడు, డ్రైయర్ బాగుచేస్తాడు. భార్యకూ చెల్లెలికీ మాట తేడా వచ్చినప్పుడల్లా తొట్టి కింద దూరి లీకు వెతుకుతాడు. ఆ తొట్టికి అన్ని లీకులు ఎప్పుడూ లేవు.

బొంత డ్రైవింగ్ స్కూలు నుంచి వచ్చింది. ఆ స్కూలు నడిపే ఆవిడను వీధిలో అందరూ డ్రైవింగ్ మేడమ్ అంటారు. నిజానికి కుక్క ఆవిడ తండ్రిది. ఆయనకు తలకు ఆపరేషన్ అయింది. రెండు నెలలుగా ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ రెండు నెలలూ మేడమ్ ఆసుపత్రికీ స్కూలుకీ ఇంటికీ తిరిగింది. కుక్కకు తిండి పెట్టింది, బయటికి తిప్పింది. దువ్వెన మాత్రం ముట్టలేదు. ఆదివారం తండ్రి ఇంటికి వస్తున్నాడు.

"నాన్న వెళ్లేటప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలండీ" అంది మేడమ్ గురువారం మధ్యాహ్నం, కుక్కను బల్ల మీదికి ఎత్తుతూ. "దువ్వి ఆరబెట్టండి చాలు. పొడవు మాత్రం తగ్గించొద్దు. రోజూ పొద్దున దీన్ని ఒళ్లో వేసుకుని దువ్వేది ఆయనే."

నిదానం కుక్క వీపు మీద జుట్టులో వేళ్లు పెట్టింది. వేళ్లు లోపలికి వెళ్లలేదు.

"ఎప్పుడు స్నానం చేయించారు?"

"నిన్ననే. మురికి కుక్కను తీసుకొస్తే మీరేమనుకుంటారోనని. రెండుసార్లు షాంపూ పెట్టాను."

"ముందు దువ్వారా?"

"దువ్వడం మీ పని కదండీ!"

మొదటి బల్ల దగ్గర ఇంకో కుక్క గోళ్లు తీస్తున్న వదిన తల ఎత్తకుండానే అంది. "అయితే అయిపోయింది."

చిక్కుపడిన జుట్టును దువ్వకుండా తడిపితే చిక్కు వీడదు. ఆరేటప్పుడు ముడుచుకుని చర్మానికి అంటుకుంటుంది. కుక్క అడుగు వేసినప్పుడల్లా ఆ అట్ట చర్మాన్ని లాగుతుంది. రెండు నెలల నిర్లక్ష్యం చేయని పని మొహమాటంతో చేయించిన స్నానం చేసింది. మేడమ్‌కు ఈ సంగతి తెలియదు. ఆవిడ శుభ్రమైన కుక్కను తెచ్చాననుకుంది.

"దీన్ని దువ్వలేం మేడమ్" అంది నిదానం. "దువ్వెనతో లాగితే జుట్టుతో పాటు తోలూ వస్తుంది. అట్ట కింద నుంచి గొరగాలి."

"గొరగడమా? ఆదివారం నాన్నకు ఏం చూపించను?"

"కుక్కను చూపిస్తారు."

"మీకు నవ్వులాటగా ఉంది."

"లేదండీ. ఇదిగో, ఈ తొడ దగ్గర చెయ్యి పెట్టి చూడండి."

మేడమ్ చెయ్యి పెట్టింది. అట్ట కదిలితే దానితో పాటు చర్మం కదిలింది. బొంత తల తిప్పి ఆవిడ చేతి వంక చూసింది. ఆవిడ చెయ్యి తీసేసింది.

"సరే, గొరగండి" అంది. "కానీ ఇవాళే అయిపోవాలి."

"అది బొంత చేతిలో ఉంది."

నిదానం బల్ల మీద రబ్బరు పట్టా పరిచింది. ఉచ్చును ఎత్తి కడ్డీ కొక్కేనికి తగిలించింది. తువ్వాలు మడిచి పెట్టింది. గడ్డం ఆనిస్తే ఒక తిండి ముక్క, ఎత్తితే ఏమీ లేదు. ట్రిమ్మర్‌ను ముందు బల్ల అవతలి అంచున నడిపించింది, ఆపింది. తర్వాత కొంచెం దగ్గరగా. ఆ తర్వాత ఆపి ఉన్న ట్రిమ్మర్ వెనక భాగాన్ని కుక్క భుజానికి తాకించింది. బొంతకు ఇది అర్థమయ్యేలోగా వదిన ఒక కుక్క గోళ్లు ముగించి, ఇంకోదానికి స్నానం చేయించి, తుడిచి పంపేసింది.

తర్వాత పని సాగింది. భుజం, పక్కటెముకలు, తొడ. బ్లేడ్ వేడెక్కిందేమోనని నిదానం మధ్యమధ్య మణికట్టుకు ఆనించి చూసుకుంది. వేడెక్కితే మార్చింది. అట్టలు ముక్కలుగా కాకుండా దుప్పటి ఊడినట్టు ఒకే పొరగా ఊడి వచ్చాయి. బొంత నాలుగైదుసార్లు గడ్డం ఎత్తింది. ఎత్తిన ప్రతిసారీ చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ పెట్టింది.

కుడి పక్క పూర్తయ్యాక కుక్కను తిప్పారు. బొంత ఆవలించింది. మూతి నాక్కుంది. కంటి కొసల్లో తెల్లగుడ్డు కనిపించింది. నిదానం తువ్వాలు ముందుకు జరిపింది. బొంత గోడవైపు తిరిగింది. కొంచెం ఆగి మళ్లీ జరిపింది. బొంత మళ్లీ గోడవైపే తిరిగింది.

నిదానం ట్రిమ్మర్ ప్లగ్గు తీసేసింది. "ఇవాళ్టికి ఇంతే."

"ఇంతే అంటే?" అంది మేడమ్.

"మిగతాది ఎల్లుండి. దీనికి ఓపిక అయిపోయింది."

"ఇలాగా? ఇలా సగం కుక్కను తీసుకుని వీధిలో నడవమంటారా నన్ను?"

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కుక్కను చూసింది, గడియారం చూసింది. "పావుగంట పని. నేను పట్టుకుంటా, నువ్వు గొరుగు." కొక్కెం నుంచి ఉచ్చు తీసి బొంత తల మీదుగా వేసి, చెవుల వెనక బిగించింది.

"అవునండీ, ఎలాగోలా ముగించండి. దండం పెడతాను" అంది మేడమ్.

బొంత కదల్లేదు. తోక పొట్ట కిందికి పోయింది. ఉచ్చ రబ్బరు పట్టా మీదుగా పారి బల్ల అంచు నుంచి కారింది.

"చూశావా, కదల్లేదు" అంది వదిన.

"కదల్లేక కదల్లేదు వదినా."

"నాకు పాఠాలు చెప్పకు. గొరుగు."

నిదానం ట్రిమ్మర్ పక్కన పెట్టింది. ఉచ్చు వదులు చేసి తీసేసింది. అల్మరాలోంచి పానా తెచ్చి బల్ల మూలన బోల్టు విప్పింది. కడ్డీని ఊడబెరికి వదిన చేతిలో పెట్టింది.

"ఏంటిది?"

"కడ్డీ. ఈ బల్ల మీద ఇక ఉండదు."

"బల్ల నాది."

"బల్ల నీదే. కుక్క నా చేతిలో ఉంది."

తొట్టి కింద నుంచి అన్నయ్య కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్లు అప్పటిదాకా కదులుతున్నాయి. అక్కడితో ఆగిపోయాయి.

వదిన గొంతు పెంచలేదు. "నీకొక్కదానికే జాలి ఉందా? సాగదీయడం జాలా? పావుగంట భయం మేలా, రెండు రోజుల భయం మేలా? పన్ను పీకేవాడు సగం పీకి ఎల్లుండి రమ్మంటాడా?"

"పన్ను పీకేవాడు ముందు మొద్దుబార్చే సూది వేస్తాడు వదినా."

"చేతులకు నిదానం గానీ నాలుకకు లేదు."

నిదానం మేడమ్ వైపు తిరిగింది. "మీ స్కూలు కారులో మీ కాలి దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా. ఎందుకు?"

"నేర్చుకునేవాడు తొక్కకపోతే నేను తొక్కడానికి."

"దీనికి ఉన్న బ్రేకు ఆ గడ్డం ఒక్కటే. అదీ పనిచేయదని ఇవాళ తెలిస్తే, ఇంకెప్పుడూ ఈ బల్ల ఎక్కదు. ఈ బల్లే కాదు, ఏ బల్లా ఎక్కదు."

మేడమ్ బల్ల అంచు నుంచి కారుతున్నది చూసింది. తర్వాత బొంతకు పట్టీ తగిలించి కిందికి దింపింది. అప్పుడు నాలుగయింది.

మొదటి మలుపు దాకా మేడమ్ బొంత కుడి పక్కను గోడవైపు పెట్టి నడిచింది. అలా చూస్తే మామూలు మురికి కుక్కలా కనిపిస్తుంది. మలుపు తిరగ్గానే మంగలి దుకాణం. మంగలి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మలుపు దగ్గర కుక్క రెండు పక్కలూ అతనికి కనబడ్డాయి.

"ఏం మేడమ్, మధ్యలో కరెంటు పోయిందా?"

కుర్చీలో సబ్బు నురగతో ఉన్నతను కూడా మెడ చాచి చూసి నవ్వాడు.

మేడమ్ ఆగింది. "కరెంటు కాదు, దానికి ఓపిక పోయింది. నీ కుర్చీలో వాళ్లకి పోతే లేచి పోరూ?"

"సగం గడ్డంతో ఎక్కడికి పోతారు మేడమ్!"

"అదిగో, అందుకే నీ దగ్గర కూర్చుంటున్నారు. పాపం, ఇంకో దారి లేక."

ఈసారి సబ్బు నురగతో ఉన్నతను మంగలిని చూసి నవ్వాడు.

అక్కడి నుంచి మేడమ్ గోడ పక్కన నడవలేదు. బస్సు స్టాపు దగ్గర ఆవిడ శిష్యుడొకడు ఎదురయ్యాడు. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పినవాడు. "మేడమ్, ఇది కూడా ఎల్ బోర్డేనా?" అన్నాడు.

"అవును. నీకంటే బాగా ఆగుతుంది."

ఆ సంగతి చీకటి పడకముందే దుకాణానికి చేరింది. మూడు నోళ్లు మారి చేరింది కాబట్టి, కుక్కల దుకాణం వాళ్లు సగం పని చేసి పంపేశారని చేరింది.

వదిన షట్టర్ సగం దించి, తిరిగి వచ్చి రెండో బల్ల ముందు నిలబడింది. కడ్డీని తానే రంధ్రంలో నిలబెట్టి బోల్టు బిగించింది. "శనివారం సాయంత్రంలోగా ఆ కుక్క పూర్తవ్వాలి. ఈ బల్ల మీద, ఈ కడ్డీతో. లేదంటే సోమవారం నుంచి ఈ బల్లకు వేరే మనిషిని చూసుకుంటా. ఇల్లు ఎప్పటికీ నీదే. తిను, ఉండు. బల్ల మాత్రం కాదు."

"నాకు అన్నం పెడతావని తెలుసు. నేనడిగేది బల్ల గురించే."

"వీధంతా నా దుకాణం పేరు చెప్పి నవ్వుతోంది."

"నవ్వనీ. బొంత ఏడవలేదు."

శుక్రవారం కడ్డీ మూడుసార్లు దిగింది, మూడుసార్లు ఎక్కింది. పొద్దున నిదానం విప్పింది. వదిన టీ తాగి వచ్చి బిగించింది. ఒక ముసలి కుక్క గోళ్లకు వచ్చింది. నిదానం కడ్డీ విప్పి, గోళ్లు తీసి పంపింది. వదిన మళ్లీ బిగించింది. మధ్యాహ్నం చూస్తే అల్మరాలో పానా లేదు. నిదానం పట్టకారుతో విప్పింది. సాయంత్రం బిగించడానికి వదినకూ పానా దొరకలేదు. ఆమె చేత్తో తిప్పి వదిలేసింది.

"ఏవండీ, పానా చూశారా?"

"తొట్టి కింద వెతుకుతున్నా" అన్నాడు అన్నయ్య.

నిదానం వంగి తొట్టి కిందికి చూసింది. "అన్నయ్యా, నువ్వు ఎవరి వైపు?"

"నేను తొట్టి వైపు."

ఆ రోజు వదిన తన బల్ల మీద కుక్కలన్నింటికీ ఎప్పటిలాగే ఉచ్చు వేసింది. పని వేగంగా చేసింది. ఒక్క కుక్కకూ దెబ్బ తగల్లేదు. ఆ మాట నిదానం కూడా ఒప్పుకుంది. "నీ చేతికి వంక పెట్టట్లేదు వదినా. వాటి మొహం ఒకసారి చూడమంటున్నా." వదిన చూసిందో లేదో ఎవరూ చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం మేడమ్ కుక్కతో దుకాణానికి రాలేదు. నిదానమే వెళ్లింది. ట్రిమ్మర్, నాలుగు బ్లేడ్లు, రబ్బరు పట్టా, తువ్వాలు సంచిలో వేసుకుని, అద్దాల తలుపు తీసుకుని అందరి ముందే బయటికి నడిచింది.

"ఎక్కడికి?" అంది వదిన.

"బొంత దగ్గరికి."

"ఈ బల్ల మీద అన్నాను."

"విన్నాను."

డ్రైవింగ్ స్కూలు ఒకే గది. గోడకు రోడ్డు గుర్తుల చార్టు. మూలన, విరిగిన కారులోంచి తీసిన స్టీరింగు, మూడు పెడళ్లు ఒక చెక్కకు బిగించి ఉన్నాయి. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబులు. బొంత పగలంతా ఆ టేబులు కింద పడుకుంటుంది. నిదానం దాన్ని అక్కడి నుంచి లేపలేదు. టేబులు పక్కకు జరిపించి, కుక్క పడుకున్న చోటికి ఆనించి రబ్బరు పట్టా పరిచి, తానూ నేల మీద కూర్చుంది. తువ్వాలు మడిచి పెట్టింది.

ట్రిమ్మర్ ఇంకా సంచిలోనే ఉంది. బొంత లేచి వచ్చి తువ్వాలు మీద గడ్డం పెట్టింది.

"అమ్మ దొంగా!" అంది మేడమ్.

ఎడమ భుజం అయింది. పక్క అయింది. తొడ దగ్గర బొంత గడ్డం ఎత్తి, లేచి నీళ్లు తాగడానికి వెళ్లింది. నిదానం గోడకు ఆనుకుని కూర్చుంది. మేడమ్ రెండుసార్లు గడియారం చూసి, మూడోసారి చూడబోయి ఆగింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. వదిన.

"ట్రిమ్మర్ దుకాణానిది" అంది.

"అవును. అయ్యాక ఇస్తా."

"ఇప్పుడే ఇవ్వు."

బొంత తిరిగొచ్చి గడ్డం తువ్వాలు మీద పెట్టింది. నిదానం ట్రిమ్మర్ ఆన్ చేసింది. "గడ్డం పెట్టేసింది వదినా. ఎత్తినప్పుడు తీసుకో."

వదిన నిలబడింది. కాసేపటికి ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. తను తెచ్చిన సంచి ఒళ్లో పెట్టుకుంది. మేడమ్ టీ కావాలా అని అడిగింది. వద్దంది.

మెడ మిగిలింది. ఎడమ చెవి వెనక అట్ట అన్నిటికంటే మందంగా ఉంది. నిదానం దాని అంచు ఎత్తి, కింద నుంచి కొంచెం కొంచెంగా గొరిగింది. అట్ట మూతలా తెరుచుకుంది. కింద చర్మం పుండై ఉంది. సీసా మూతంత. తడిగా ఉంది. పాతది. అట్ట కింద గాలి తగలక పట్టింది.

మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాకు తెలీదు. దేవుడా, నాకు తెలీదు."

వదిన కుర్చీలోంచి లేచింది. కళ్లజోడు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. పుండును చూసింది, ముట్టుకోలేదు. తర్వాత ఆమె అన్న మాట నిదానమూ మేడమూ ఇద్దరూ విన్నారు.

"గురువారం ఇక్కడే బిగించాను."

 ట్రిమ్మర్ నడుస్తూనే ఉంది. వదిన చెయ్యి చాచి దాన్ని ఆపేసింది.

"బ్లేడ్ వేడెక్కింది. చెవి దగ్గర ఇది పనికిరాదు." సంచి తెరిచి కాగితంలో చుట్టిన బ్లేడ్ తీసింది. సన్నది. మొదటి బల్లది. ఎవరికీ ఇవ్వదు. "ఇది పెట్టు. చెవి నేను పట్టుకుంటా."

"గడ్డం ఎత్తితే వదిలేయాలి."

"తెలుసు."

"అప్పుడే వదిలేయాలి. ఇంకొక్కటి అనకూడదు."

"తెలుసన్నాను కదా."

వదిన చెవి మడత పట్టుకుంది. నిదానం పుండు చుట్టూ గొరగడం మొదలుపెట్టింది. సగంలో బొంత గడ్డం ఎత్తింది.

"ఆపు వదినా."

వదిన వేళ్లు విడిపోయాయి. చెయ్యి గాలిలోనే ఉంది. "ఎంతసేపు?"

"అది చెప్తుంది."

"ఒక్క కుక్కకు రెండు పూటలు. ఇలా అయితే దుకాణం మూసుకోవాలి."

"మూసుకుందాం. కడ్డీ మాత్రం పెట్టను."

"నా చెయ్యి చూశావుగా." వదిన ముంజేయి ముందుకు చాపింది.

"చూశాను. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. ఆ కుక్క కరిచే ముందు ఏం చేసిందో ఒక్కసారైనా చెప్పావా?"

వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆలోచించింది. "గోడవైపు తిరిగింది" అంది.

బొంత గడ్డం కింద పెట్టింది. వదిన చెవి పట్టుకుంది.

వెలుతురు ఉండగానే పని అయిపోయింది. మేడమ్ పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన వచ్చి పుండు కడిగి మందు రాశాడు. అట్టను లాగి ఉంటే కుట్లు పడేవని చెప్పాడు. నిదానం ట్రిమ్మర్ తుడిచి, వైరు చుట్టి వదిన చేతిలో పెట్టింది. వదిన తీసుకుంది.

"సోమవారం సంగతి సోమవారం" అని వెళ్లిపోయింది.

ఆదివారం జరిగింది మేడమ్ చెప్పగా తెలిసింది. తండ్రిని స్కూలు కారులోనే తెచ్చింది. దారి పొడవునా కుక్క సంగతి ఎలా చెప్పాలా అని చూసి, చెప్పలేకపోయింది. ఆయన టోపీ పెట్టుకుని ఉన్నాడు. గుమ్మంలో బొంత ఆయన చెప్పులు వాసన చూసింది, మోకాళ్లు వాసన చూసింది, తోక ఊపింది.

"ఈ బక్కోడు ఎవరే?" అన్నాడాయన.

"బొంతే నాన్నా. నేను రెండు నెలలు దువ్వలేదు. పైగా తడిపి పాడుచేశాను. గొరిగించాల్సి వచ్చింది."

ఆయన కుర్చీలో కూర్చుని టోపీ తీశాడు. తల నున్నగా ఉంది. చెవి పై నుంచి నడినెత్తి దాకా కుట్ల గుర్తులు.

"నన్నూ గొరిగారు" అన్నాడు. "నన్ను ఎవరూ అడగలేదు. దీన్నైనా అడిగారా?"

"అడిగారు నాన్నా. రెండు పూటలు అడిగారు."

బొంత ఆయన మోకాలి మీద గడ్డం పెట్టింది. ఆయన దువ్వెన తెమ్మన్నాడు. దువ్వడానికి ఏమీ లేదంది మేడమ్. అయినా తెమ్మన్నాడు.

సోమవారం తొమ్మిదింటికి షట్టర్ లేచింది. వదిన మొదటి బల్ల దగ్గర ఉంది. నిదానం మెట్లు దిగి వచ్చి రెండో బల్ల దగ్గర నిలబడింది. ఆమెను ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. మొదట వచ్చినావిడ పట్టీతో తెచ్చిన కుక్క గుమ్మంలోనే కాళ్లు బిగబట్టింది.

"ఏ బల్ల?" అని అడిగింది ఆవిడ.

"తొందరుంటే ఇటు" అంది వదిన. "లేకపోతే అటు."

మొదటి బల్లకు కడ్డీ ఉంది. రెండో బల్లకు లేదు. ఆ కడ్డీ మేడ మీద బట్టల తీగకు ఊతంగా నిలబెట్టి ఉంది, తీగ మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. పానా అన్నయ్య జేబులో ఉంది. రెండో బల్ల మూలన బోల్టు రంధ్రంలోకి నీళ్లు దిగకుండా ఎవరో రబ్బరు బిరడా కొట్టారు. కొట్టింది ఎవరో ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేదు. బిరడా గట్టిగా ఉంది, గోటితో రాదు.